నివేదిక ఎవరికి చేరవలెను?



ఆంధ్రప్రదేశములో 2020–21 విద్యాసంవత్సరమున డిగ్రీ పాఠ్యప్రణాళికను సంస్కరించినప్పుడు రాష్ట్ర ఉన్నత విద్యామండలివారు అందులో ఒక క్రొత్త నియమమును చేర్చిరి. మూడేండ్ల చదువులో పదినెలల కాలము విద్యార్థి తరగతిగది వెలుపల, పనిలో గడపవలెను. మొదటి సంవత్సరము ముగిసిన వెంటనే రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు. రెండవ సంవత్సరము పిమ్మట మరి రెండు నెలలు ఇంటర్న్‌షిప్. కడపటి సంవత్సరమున ఒక సెమిస్టరు మొత్తము, అనగా ఆరు నెలలు, ఏదో ఒక కార్యాలయమునందో కర్మాగారమునందో ఉండి పని నేర్చుకొనుట. బి.ఏ. చదువు బాలుడైనను, బి.కాం. చదువు బాలికయైనను, బి.యస్సీ. విద్యార్థియైనను, అందరకును ఇది వర్తించును. వైద్య వ్యవసాయాది వృత్తివిద్యలలో మాత్రమే చిరకాలముగా నిలిచియున్న ఒక శిక్షణ, ఈ విధముగా, చిన్న పట్టణములలోని సామాన్య కళాశాలలకు బస్సెక్కి వచ్చి చదువుకొను పిల్లలకును సంక్రమించినది. ఇది చిన్న విషయము కాదు.

ఈ ఏర్పాటు కావలసినదేయని నా దృఢవిశ్వాసము. అయితే, ఏ పరిస్థితులలో ఇది నిజమైన విద్య యగును, ఏ పరిస్థితులలో వట్టి కాగితముగా మిగిలిపోవును, అను ప్రశ్న నన్ను చాలకాలముగా వెంటాడుచున్నది. అధ్యాపకుడనై విద్యార్థుల వెంట పల్లెలకు పోయి, వారి రికార్డులు దిద్ది, వారికి ఆశ్రయమిచ్చినవారితో మాటలాడిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయ మొక్కటే. విద్యార్థి చేయు పనికొరకు ఆవలిప్రక్క ఎవరో ఒకరు ఎదురుచూచుచుండవలెను. ఆ పని జరుగకపోయినచో ఒక మనిషికి లోటు కలుగవలెను. జరిగినచో ఒక మనిషికి మేలు కలుగవలెను. అట్టి మనిషి ఎదుట నున్నచోట విద్యార్థి తనంతట తానే నేర్చుకొనును. అట్టివాడు లేనిచోట ఎంతటి నియమావళి వ్రాసి పంపినను, అది సంతకములతోను ముద్రలతోను పూర్తియగునేగాని చదువుగా పరిణమింపదు.

చదువును పనితో ముడివేయవలెనను తలంపు మన దేశమునకు క్రొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాయందు జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని కేంద్రముగా గల విద్యను ప్రతిపాదింపగా, డాక్టర్ జాకీర్ హుసేన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యక్రమమును సిద్ధపరచెను. అది బడిపిల్లల కుద్దేశింపబడినది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమున, లోగడ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, ఉన్నతవిద్య పల్లెను మరచిపోరాదని హెచ్చరించుచు గ్రామీణ విశ్వవిద్యాలయములను స్థాపింపుమని సూచించినది. 1964–66 నాటి కొఠారీ సంఘము అన్ని దశలలోను కార్యానుభవము చదువులో అంతర్భాగము కావలెనని చెప్పినది. ఈ ఆలోచనలన్నియు పండి, 1969 సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావుగారు 37 విశ్వవిద్యాలయములలో, 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకమును ప్రారంభించిరి. ఎన్.ఎస్.ఎస్. అను మూడక్షరములతో అది మన కళాశాలలలో అందరి నోట నానిన పేరైపోయినది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటల సేవ, ఒక వారము రోజుల ప్రత్యేక శిబిరము, ఇవి దాని ప్రధానాంగములు.

ఆ శిబిరములలో పాల్గొన్నవారు మీలో అనేకు లుందురు. బాటలు వేసిరి, చెట్లు నాటిరి, కాలువల పూడిక తీసిరి. రాత్రులు బడిలో పడుకొని, ఊరివారు పెట్టిన అన్నము తినిరి. ఆ వారము దినములు ఎందరి జీవితములలోనో మరపురాని దినములు. అయినను శిబిరము ఎత్తివేసిన తరువాత నాటిన మొక్కకు నీరు పోయువారెవరు అను ప్రశ్న మిగిలిపోయెడిది. సేవాభావము నిండుగా నున్నను, ఆ సేవ ఫలానా వారికి, ఫలానా దినమునకు అవసరమను నిర్బంధము దానియందు తక్కువ. అవసరమే నిర్బంధమై నిలిచిన ఘడియలలో మన విద్యార్థులు ఎట్లు ప్రవర్తించిరో చరిత్ర చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తిన పిమ్మట, తలచుకొనుటకే భయమగు పనులకు స్వచ్ఛందముగా పూనుకొన్నవారిలో కళాశాల విద్యార్థులును ఉండిరి. వారికి అక్కడ ఏమి చేయవలెనో ఎవరును పాఠము చెప్పలేదు. ఎదుటి దుఃఖమే చెప్పినది.

వైద్యవిద్యలో ఈ నిర్బంధము సహజముగా నున్నది. ఎం.బి.బి.ఎస్. కడపటి పరీక్ష నెగ్గినను, ఒక సంవత్సరము హౌస్ సర్జనుగా పనిచేసినగాని పట్టా చేతికి రాదు. 1946లో భోర్ సంఘము తన నివేదికలో, వైద్యవిద్యార్థికి నివారణ వైద్యమునందును సామాజిక వైద్యమునందును మూడునెలల శిక్షణ ఉండవలెనని సూచించినది; రోగమునకు మందిచ్చువాడు మాత్రమే గాక, రోగమెక్కడనుండి వచ్చుచున్నదో చూడగలవాడు కావలెనని ఆ పెద్దల ఆశయము. నేటికిని హౌస్ సర్జను కొంతకాలము ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో పనిచేయవలెను. పెద్దాసుపత్రి వార్డులో నేర్చిన విద్యకు అక్కడ వేరొక పరీక్ష ఎదురగును. గర్భిణికి రక్తహీనత యున్నది. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తక్కువగా నున్నది. ఇనుము మాత్రలు వ్రాసియిచ్చితిమి. రెండు నెలలైనను రక్తము పెరుగలేదు. పుస్తకము ప్రకారమైతే మోతాదు మార్చి చూడవలెను. కాని ఏ.ఎన్.ఎం. వెంట ఆ యింటికి పోయి కూర్చున్న హౌస్ సర్జనుకు అటకమీద విప్పని మాత్రల అట్టలు కనబడును. మాత్ర వేసికొన్ననాడు మలము నల్లగా వచ్చినదని ఆమె భయపడినది, అత్తగారు మానుమన్నది. మాత్రవలన అట్లు నల్లగా వచ్చుట సహజమనియు, దానివలన హాని లేదనియు, టీతో గాక భోజనానంతరము మంచినీళ్ళతో వేసికొనుమనియు చెప్పుట రెండు నిమిషముల పని. ఆ రెండు నిమిషముల మాట ఏ వార్డులోను నేర్పరు. పైగా, ఆ మాటను అత్తగారు వినునట్లు చెప్పుట ఏ.ఎన్.ఎం. నోట విని నేర్వవలసినదే. టీకామందు రెండు డిగ్రీలకును ఎనిమిది డిగ్రీలకును నడుమనే ఉండవలెనని యువవైద్యునికి తెలియును; ఎండకాలములో కరెంటు పోయినప్పుడు ఆ మందు పెట్టెను కాపాడుట ఎట్లో ఏ.ఎన్.ఎం.కు తెలియును. ఇరువురిలో ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అని ఆ చోట నిర్ణయించుట కష్టము.

వ్యవసాయ కళాశాలల సంగతి ఇంకను విపులముగా చెప్పవలసియున్నది. ఏలయనగా మన తెలుగునాట క్షేత్రశిక్షణకు నాకు కనబడిన ఉత్తమోదాహరణము అదియే. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోనే వెలసినది. 1964లో రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడి, రాష్ట్ర విభజనానంతరము రెండైనది. గుంటూరు చెంత లాములో ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరిట ఒకటియు, రాజేంద్రనగరములో ఆచార్య జయశంకర్‌గారి పేరిట మరియొకటియు నడచుచున్నవి. ఈ కళాశాలలలో బి.యస్సీ. నాల్గవ యేట విద్యార్థులను జట్లుగా పల్లెలకు పంపుదురు. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమమని దాని పేరు. విద్యార్థులును రైతులును ‘రావెప్’ అనియే అందురు. ప్రతి విద్యార్థికిని ఊరిలో ఒక రైతును అప్పగింతురు. ఆ రైతు పొలమే అతని ప్రయోగశాల. దున్నుట మొదలు నారు, నాటు, కలుపు, ఎరువు, తెగులు వరకు ఆ రైతుతో నడచి, ఏనాడు ఎంత ఖర్చయినది, ఎందుకైనది వ్రాసికొనవలెను. భారత వ్యవసాయ పరిశోధనామండలి 2015లో ‘స్టూడెంట్ రెడీ’ అను పేరిట ఈ శిక్షణను దేశమంతటను క్రమబద్ధము చేసి, ఆరు నెలలవరకు నెలకు 3,000 రూపాయల స్టైపెండును ఏర్పరచినది.

మొదటి దినములలో వారు ఊరిమధ్య చెట్టుక్రింద నేలను శుభ్రపరచి, ముగ్గుపిండితోను రంగులతోను ఊరి పటము గీయుదురు. గీయునది విద్యార్థులు, చెప్పునది ఊరివారు. చెరువెక్కడ, తూమెక్కడ, ఏ వీధిలో నీళ్ళు నిలుచును, ఏ దిక్కున భూమి చౌడు, ఇవన్నియు పెద్దలు కర్రతో చూపుచుండ, ‘అక్కడ కాదు, ఇక్కడ’ యని వాదించుకొనుచుండ, గంటసేపటిలో ఏ సర్వే కార్యాలయమునందును దొరకని చిత్రము సిద్ధమగును. ఆడవారు గీయించిన పటములో మంచినీటి కుళాయియు, అంగన్‌వాడీయు, చీకటి సందులును పెద్దవిగా నుండును. మగవారి పటములో కాలువయు, పొలముబాటయు పెద్దవిగా నుండును. ఈ భేదమును కన్నులార చూచిన విద్యార్థి, తరువాత ఏ అధికారియైనను, ఊరిని గురించి ఒక్కరినే అడిగి తృప్తిపడడు.

మట్టి నమూనా తీయుటయు అంతే. పొలములో ఎనిమిది పది చోట్ల అడ్డదిడ్డముగా నడచుచు, గట్లవెంట గాని, చెట్లనీడను గాని, పెంటపోగుల చెంత గాని తీయక, ఆంగ్లాక్షరమగు ‘వి’ ఆకారమున 15 సెంటీమీటర్ల లోతు గుంట త్రవ్వి, అంచునుండి మట్టిని గీరి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు, కడకు అరకిలో మిగుల్చుకొనవలెనని పాఠ్యపుస్తకము చెప్పుచున్నది. కళాశాల క్షేత్రములో ఈ పని చేసినప్పుడు అది మార్కులకొరకు. రైతు గట్టుమీద నిలుచుండి, ‘అమ్మాయీ, ఈ కాగితము వచ్చినాక పొటాషు కొనవచ్చునా, మానవచ్చునా?’ యని అడిగినప్పుడు మాత్రము, చేతిలోని మట్టి బరువెక్కును. నిర్లక్ష్యముగా తీసిన నమూనావలన ఒకరి ధనము వ్యర్థమగునన్న ఎరుక అప్పుడే కలుగును.

కృష్ణాడెల్టాలోని ఒక గ్రామములో నేను చూచిన సన్నివేశము చెప్పెదను. వరిలో సుడిదోమ తగ్గవలెనన్నచో, నాట్లు వేయునప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెనని శాస్త్రజ్ఞుల సలహా. గాలియు వెలుతురును మొదళ్ళవరకు పోయి, దోమ పెరుగుటకు అనువైన తడిచీకటి ఏర్పడకుండును. విద్యార్థిని ఈ సంగతిని చక్కగా వివరించినది. రైతు విన్నాడు, తల యూచినాడు, చేయలేదు. ఆమె నొచ్చుకొనక మరునాడు నాట్లు వేయు స్త్రీలతో బాటు మడిలో దిగినది. అప్పుడు తెలిసినది. వారు ఎకరమునకింత యని గుత్తకు నాటువారు; తాడు పట్టి బాట విడుచుటలో పోవు కాలమునకు వారికి కూలి లేదు. రైతు కౌలుదారుడు, నడుమ ఖాళీలు విడిచినచో భూమి గలవాడు చూచి, పొలము పలుచగా నాటినావని అడుగునేమోయని అతని భయము. దోమ సంగతి గాని, శాస్త్రము సంగతి గాని ఎవరును కాదనలేదు. ఆ దినము సాయంకాలము వారందరు కూర్చుండి మాటలాడుకొని, నాట్లు పూర్తియైన పిమ్మట తాడు పట్టి, బాటలో పడిన మొక్కలను తీసి ప్రక్కమళ్ళలోని సందులలో నాటునట్లును, ఆ పనికి రైతు వేరుగా కూలి యిచ్చునట్లును ఒప్పుకొనిరి. సగము పొలములోనే బాటలు తీసిరి. మిగిలిన సగమును పోల్చి చూచుటకై విడిచిరి. ఈ సగము అను మాటలో నున్న వివేకము ఆ బాలికకు ఏ ప్రశ్నపత్రమును నేర్పియుండలేదు. తరువాత ఆమె వ్రాసిన రికార్డులో దోమను గురించిన పుటలకంటె కౌలును గురించిన పుటలే ఎక్కువగా నుండెను. ఆ పుటలు ఎరుక తెచ్చిన పుటలని ఆమె అధ్యాపకులు మెచ్చుకొనిరి.

ఇచ్చట విద్యార్థి పనికొరకు రైతు ఎదురుచూచుచున్నాడు. ఋతువు ఎదురుచూడక నడచిపోవుచున్నది. ఈ రెండింటి నడుమ విద్యార్థికి అలసత్వమునకు చోటు లేదు. ఇదియే నేను చెప్పదలచిన అవసరమను గురువు.

న్యాయవిద్యలోను ఐదేండ్ల కోర్సువారికి 20 వారములు, మూడేండ్ల కోర్సువారికి 12 వారముల ఇంటర్న్‌షిప్ బార్ కౌన్సిల్ నియమములలో ఉన్నది. ఇంజనీరింగు పట్టభద్రులకు 1961 నాటి అప్రెంటిస్ చట్టము, 1973లో సవరింపబడినది మొదలు, కర్మాగారములలోను ప్రభుత్వసంస్థలలోను ఒక సంవత్సర శిక్షణకు దారి కల్పించినది. వీనిని గురించి ఇంతకుమించి చెప్పను. ఇవి స్థిరపడిన మార్గములు.

ఇక డిగ్రీ విద్యార్థుల సామాజిక సేవా ప్రాజెక్టు. దీనికి 180 గంటలు కేటాయింపబడినవి, నాలుగు క్రెడిట్లు. విద్యార్థి ఒక గ్రామమునో వార్డునో ఎన్నుకొని, ఇంటింటి సర్వే జరిపి, ఒక సమస్యను గుర్తించి, దానిపై అవగాహన కార్యక్రమము చేసి, నివేదిక వ్రాయవలెను. కాగితముమీద చూచినచో ఇందులో లోపమేమియు కానరాదు. కాని ఆ నివేదిక ఎవరికి? విద్యార్థి వ్రాయును, మెంటారు సంతకము చేయును, మౌఖికపరీక్షలో కొన్ని ప్రశ్నలు అడుగుదురు, పిమ్మట అది కళాశాల బీరువాలో చేరును. సర్వేలో సమాధానములు చెప్పిన గృహిణి దానిని చూడదు. పంచాయతీ కార్యదర్శి చూడడు. మరుసటి వేసవిలో అదే ఊరికి వచ్చు విద్యార్థియు చూడడు. అతడు అదే గుమ్మములో నిలిచి అవే ప్రశ్నలు మరల అడుగును. ఎదురుచూచువా డొక్కడును లేని పని ఇది. కావుననే కొన్నిచోట్ల జిరాక్సు కొట్లలో సిద్ధముగా నున్న రికార్డులను పేరు మార్చి కొనుచున్నారు. దీనికై విద్యార్థులను నిందించువారున్నారు. నా మనసు మాత్రము వారిని నిందింప నొప్పుకొనదు. పద్దెనిమిదేండ్ల పిల్లవాడు తన పని ఎవరికిని అక్కరలేదని గ్రహించినప్పుడు, దానిని నిజాయితీతో చేయుమని కోరుట మనము అతనిపై మోపుచున్న అన్యాయమైన భారము.

ఈ సందర్భమున మన చరిత్రలోని యువకులను స్మరింపక తప్పదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున, కుంఫిణీవారి సర్వేలో ఉద్యోగియైన కాలిన్ మెకంజీ కొలువులో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుగు సోదరులుండిరి. వారును వారి అనుచరులును ఊరూర తిరిగి, కరణముల నడిగి, కవిలెలు చూచి, శాసనములు నకలు తీసి, గ్రామచరిత్రలను సేకరించిరి. అందరిలో మేధావియని పేరొందిన బొర్రయ్య 1803లో, ముప్పదియేండ్లు నిండకమునుపే మరణించెను. నేడు మనము కైఫీయత్తులని పిలుచు ఆ సంపద లేకున్నచో ఆంధ్రగ్రామముల పూర్వకథ సగము చీకటిలో నుండెడిది. అంతటి గొప్ప పనియైనను, దాని ఫలము చేరినది ఎచ్చటికి? ఆ పత్రములు మదరాసునకును, కలకత్తాకును, లండనుకును తరలిపోయెను. తమ ఊరి కథను చెప్పిన కరణముల గ్రామములకు ప్రతి రాలేదు. ఊరిలోని జ్ఞానమును ఊరినుండి గ్రహించి, ఊరికి తిరిగి యీయకుండుట రెండు శతాబ్దుల నాటి అలవాటు. స్వతంత్రభారతమున మన పిల్లల నివేదికలును అదే బాటలో బీరువాలకు పోవుట నాకు బాధాకరముగా నున్నది.

దీనిని మార్చుటకు గొప్ప ధనము అక్కరలేదు. వేసవికి ముందే కళాశాల తన చుట్టునున్న పంచాయతీలను, ఆరోగ్యకేంద్రములను, పాఠశాలలను, మహిళాసంఘములను అడుగవలెను: మీకు తెలియవలసిన సంగతి ఏది? మీకు జరుగవలసిన పని ఏది? వారు చెప్పిన దానికి తగిన విద్యార్థిని పంపవలెను. రసాయనశాస్త్రము చదువు బి.యస్సీ. విద్యార్థి ప్రయోగశాలలో నీటి కఠినత్వమును ఇ.డి.టి.ఏ. ద్రావణముతో లెక్కగట్టును; ద్రాక్షారసపు ఎరుపు నీలమగు క్షణమును పట్టుకొనుట అతనికి వచ్చును. కాని అతడు పరీక్షించునది సహాయకుడు సీసాలో పోసియుంచిన నీరు. అదే విద్యార్థి తన ఊరి బోర్ల నీటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, అంకెలు వ్రాసి పెట్టినచో ఎంత మేలు! నాడు నెల్లూరు జిల్లాలోనున్న దర్శి, పొదిలి ప్రాంతములలో ఫ్లోరైడు పీడను గురించి 1937లోనే వైద్యులు ప్రకటించియుండిరి. నల్లగొండ పల్లెలు దశాబ్దములపాటు అనుభవించిన బాధ మనమందరము ఎరిగినదే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించరాదు, వేరు నీరు లేనిచో ఒకటిన్నర మించరాదు. ఏ బోరు ఈ గీత దాటినదో తెలిపిన పట్టిక పంచాయతీ గోడమీద అంటించినచో, అది ఏ క్రెడిట్లకును తీసిపోదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు డ్వాక్రా సంఘముల పుస్తకములతో కూర్చుండవచ్చును. పొదుపు, అప్పు, వడ్డీ, బాకీ సరిచూచి, చదువు తక్కువైన సభ్యురాలికి తన లెక్క తానే చదువుకొనునట్లు నేర్పవచ్చును. తెలుగు, చరిత్ర చదువువారు దేవాలయ శాసనములను ఛాయాచిత్రములు తీసి, ముసలివారి నోట మిగిలిన నాట్లపాటలను, ఉప్పెనల కరవుల జ్ఞాపకములను రికార్డు చేసి, ఊరి బడికి ఒక ప్రతి యీయవచ్చును.

మరియొక ముఖ్యవిషయము. నివేదిక తెలుగులో నుండవలెను. తెలుగుమాటలతో అడిగి, తెలుగుమాటలతో విని, తుదకు విద్యార్థికే సరిగా పట్టువడని ఆంగ్లములో వ్రాయుటవలన ప్రయోజన మేమి? పరభాషలో వ్రాయవలసి వచ్చినందుననే వారు ఇతరుల వాక్యములను ఆశ్రయించుచున్నారు. తన భాషలో వ్రాయుమన్నప్పుడు చూచినది చూచినట్లు వ్రాయగల శక్తి మన పిల్లలకు పుష్కలముగా నున్నది. నేనది అనేకపర్యాయములు చూచి ఆనందించితిని. తెలుగులో వ్రాసిన నివేదికను ఆగస్టు 15ననో అక్టోబరు 2ననో జరుగు గ్రామసభలో విద్యార్థియే లేచి చదువవలెను. అతని అంకె తప్పైనచో అచ్చటివారే దిద్దుదురు. ఆ దిద్దుబాటుకంటె కఠినమైన మౌఖికపరీక్ష లేదు. అయితే ఇంటింటి ఆదాయము, రోగము, కులము, అప్పు మొదలగు సంగతులను పేర్లతో సభలో చదువరాదు. పేర్లు తొలగించి మొత్తములు మాత్రమే చెప్పవలెను. నమ్మి చెప్పినవారి మర్యాదను కాపాడుట కూడ ఈ విద్యలో మొదటి పాఠమే.

అధికారులు కొందరు ఒక ఆక్షేపణ తెచ్చుచున్నారు: ‘మా పని మాకే చాలదు, ఈ పిల్లలకు నేర్పుట కెక్కడి తీరిక?’ అది ఉత్త సాకు కాదు. ఒక సచివాలయములో కూర్చున్న ఉద్యోగి దినచర్య చూచినవారికి ఆ మాటలోని నిజము తెలియును. కాని విద్యార్థిని ఒక మూల కుర్చీలో కూర్చుండబెట్టి దరఖాస్తులు కుట్టించుట కంటె, ఒక చిన్న పనిని సంపూర్ణముగా అతని కప్పగించి, దాని బాధ్యత నీదే యనుట అధికారికిని తేలిక. వృద్ధాప్య పింఛను దరఖాస్తు ఎచ్చట నిలిచిపోయినదో కనుగొని, ఆ అవ్వ యింటికి పోయి సంగతి చెప్పిరమ్మనుడు. ప్రభుత్వమనగా ఏమో ఆ ఒక్క కాగితమువెంట నడచినవానికి బోధపడినంతగా రాజనీతిశాస్త్ర గ్రంథమువలన బోధపడదు.

స్టైపెండు మాట చెప్పక తీరదు. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకములో 21 నుండి 24 ఏండ్లలోపు యువకులకు పెద్దకంపెనీలలో ఏడాదిపాటు నెలకు 5,000 రూపాయలు ఏర్పరచిరి. అందులో 4,500 ప్రభుత్వమే భరించునట్లు నాడు నిర్ణయించిరి. అయితే నాటి నియమముల ప్రకారము అది పూర్తికాలము కళాశాలలో చదువుచున్నవారికి వర్తింపలేదు. మన డిగ్రీ విద్యార్థి ఆరు నెలల శిక్షణకు బస్సుఛార్జీలు తానే పెట్టుకొనవలసివచ్చుచున్నది. సెలవులలో కూలికి పోయి ఫీజు కట్టుకొను పిల్లలు మన కళాశాలలలో తక్కువగా లేరు. వారికి ఈ పది నెలలు పోగొట్టుకొన్న కూలిదినములు. ఆడపిల్లలకు ఇంకొక చిక్కు: మండలకేంద్రములో సురక్షితమైన వసతి లేనందున, వారు ఇంటికి దగ్గరలో నున్న చోటనే, ఇష్టమైనను కాకున్నను, పని నెంచుకొనుచున్నారు. సంక్షేమ హాస్టళ్ళు వేసవిలో మూతబడియుండును. ఆ గదులను ఈ బాలికలకు తెరచినచో క్రొత్త కట్టడము కట్టనక్కరలేదు. వ్యవసాయవిద్యార్థికిచ్చు స్టైపెండులో సగమైనను సామాన్య డిగ్రీ విద్యార్థికి ఇచ్చిననాడే ఈ నియమము న్యాయముగా అందరికి సమమగును.

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో పల్లెలలోని గృహస్థులు, గృహిణులు, సర్పంచులు, బడిపంతుళ్ళు అనేకు లుందురు. వేసవి వచ్చినప్పుడు మెడలో గుర్తింపుకార్డులు వేసికొని, చేతిలో ప్రశ్నావళితో, ఎండకు వాడిన ముఖములతో పిల్లలు మీ గుమ్మములోనికి వత్తురు. వారికి మంచినీళ్ళిచ్చి, వారడిగినదానికి ఉన్నదున్నట్లు చెప్పుడు. సందేహమున్నచోట చెప్పననుటకు మీకు హక్కున్నది. ముగించి లేచునప్పుడు మాత్రము, ఏ కళాశాల, ఏ అధ్యాపకులు, ఏనాటికి ఈ పని పూర్తియగునని అడిగి వ్రాసికొనుడు. పూర్తియైన పిమ్మట ఒక ప్రతిని తెలుగులో పంచాయతీ కార్యాలయమునకు ఇచ్చి సంతకము తీసికొమ్మనుడు. ఇవ్వనిచో ఆ కళాశాల ప్రిన్సిపాలుగారికి, ఊరి పేర, మర్యాదగా ఒక ఉత్తరము వ్రాయుడు.